ఇరవై నాలుగు లైన్ల మర్యాద

మా ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య మూలలో, పాత కలర్ టీవీ ముందు, గోధుమరంగు కీబోర్డు ఒకటి ఉంటుంది. చూసినవాళ్ళు "కంప్యూటర్ ఏదండీ?" అని అడుగుతారు. అదే కంప్యూటర్. ఎనభైల్లో ఇంట్లో టీవీకి తగిలించుకుని వాడుకోవడానికి తయారుచేసిన రకం. మెదడంతా కీబోర్డు కిందే ఉంటుంది. అప్పట్లో కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నేనూ, మైలవరంలో మామిడితోట చూసుకునే మా బావగారూ, అంటే మా అక్క భర్త, కలిసి దాన్ని కొన్నాం. ప్రతి ఆదివారం ఆయన బస్సెక్కి వచ్చేవారు. పత్రికల్లో అచ్చయిన ప్రోగ్రాములు ఆయన పైకి చదివితే నేను టైపు కొట్టేవాణ్ణి. నాలుగు గంటలు కొడితే టీవీ మీద ఒక తెల్లచుక్క ఇటునుంచి అటు వెళ్ళేది. అది చూసి మేమిద్దరం చంద్రుడి మీద దిగినంత సంబరపడేవాళ్ళం. ఇరుగుపొరుగు వాళ్ళు మా టీవీ పాడైందనుకుని పరామర్శించి వెళ్ళేవారు.

అలాంటి బావగారు రెండేళ్ళుగా నాతో మాట్లాడటం లేదు.

గొడవ మా గృహప్రవేశంతో మొదలైంది. రిటైరయ్యాక గవర్నర్‌పేటలో ఈ ఫ్లాట్ తీసుకున్నాం. మా వైపు శుభకార్యానికి పిలవడమంటే ఇంటికి వెళ్ళాలి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టాలి, మగవాళ్ళకి నోటితో చెప్పాలి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి రావాలి. నేను సైన్సు మనిషిని కదా, ఊరూరా తిరగడం ఎందుకని ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టి, దీపం వెలిగి ఆరి మళ్ళీ వెలిగే కార్డు ఒకటి అందులో వేశాను. ఒక్క నొక్కుతో అందరికీ పిలుపు. ఆ అందరిలో బావగారూ ఉన్నారు, మా గ్యాస్ బండ తెచ్చే ఆయనా ఉన్నారు. గ్యాస్ ఆయన వచ్చి శుభ్రంగా భోంచేసి వెళ్ళారు. బావగారు రాలేదు, ఆయన లేకుండా అక్కా రాలేదు. ఆడపడుచు లేకుండానే పాలు పొంగించాం. ఇక్కడ పాలు పొంగాయి, అక్కడ బావగారు పొంగారు.

"ఏమోయ్, నాకూ గ్యాస్ బండాయనకీ ఒకే నిమిషంలో పిలుపా?" అని ఆ సాయంత్రం ఫోన్ చేసి అడిగారు.

నేను నవ్వాను. అదింకో తప్పు. ఆ తర్వాత ఆయన నా ఫోన్ ఎత్తలేదు. వాట్సాప్‌ని ఏకంగా తన ఫోన్‌లోంచే తీసేశారు. ప్రతి వేసవిలో మా గుమ్మంలో దిగే రసాల బుట్ట రావడం మానేసింది. రసాలు బజారులో దొరికాయి. ఆదివారాలు దొరకలేదు.

అలా దొరకని ఆదివారాల్లో ఒకనాడు పాత మెషిన్‌ని దులిపి బయటికి తీశాను. ఎక్కడో చల్లటి దేశంలో ఉన్న ఒకాయన, లాభానికి కాదు, ఉత్తి ప్రేమకొద్దీ, సరిగ్గా ఈ రకం మెషిన్ మీద నడిచే ఈమెయిల్ ప్రోగ్రామ్ రాసి ఊరికే ఇస్తున్నాడని తెలిసింది. మోడెం లేని కంప్యూటర్ మొండెమే కాబట్టి, అగ్గిపెట్టెంత వైఫై బోర్డు ఒకటి తెప్పించి వెనకాల తగిలించాను. ప్రోగ్రామ్‌తోపాటు మూడు పేజీల మాన్యువల్ వచ్చింది. ముప్ఫై ఏళ్ళపాటు పిల్లలతో "పాఠం పూర్తిగా చదివి రావాలి" అన్నవాణ్ణి గనక, అందులో ఒకటిన్నర పేజీ చదివాను.

ఆ ప్రోగ్రామ్ రాసినాయనది పెద్ద మనసు. లోపం అనే మాటే వాడడు. అన్నీ ఫీచర్లే. ఏం కొట్టినా ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే పడుతుంది. అది ఫీచరు. క్షేమమా అని అడిగినా కాలర్ పట్టుకుని అడిగినట్టుంటుంది. తెలుగు అక్షరం వస్తే దాని బదులు ఒక ప్రశ్నార్థకం వేస్తుంది. అదీ ఫీచరే. వచ్చిన ఉత్తరాన్ని సర్వర్ దగ్గర్నుంచి వేళ్ళతో సహా పీక్కొస్తుంది, తర్వాత ఫోన్‌లో వెతుక్కుంటే ఉండదు. దాచుకోవాలంటే క్యాసెట్ మీద రికార్డు చెయ్యాలి. మొదటి ఉత్తరాన్ని నేను పొరపాటున మా ఆవిడ భజన క్యాసెట్ మీద దాచాను. మర్నాడు పొద్దున పూజ దగ్గర టేప్‌రికార్డర్ పెడితే మూడో భజన మధ్యలో కీచుమని మోత మొదలైంది. "భగవంతుడికి మెయిలొచ్చినట్టుందండీ, చూసుకోండి" అంది మా ఆవిడ. మెయిల్ వచ్చినప్పుడు టీవీ కుయ్యిమంటుంది. అది అచ్చం కుక్కర్ కూత. మూడు కూతలకి దింపాల్సిన పప్పుని రెండు కూతలూ ఒక మెయిలూ కలిపి దింపేసినందువల్ల ఆ వారమంతా కందిపప్పు పలుకులు పలుకులుగా తిన్నాం.

ఒకరి ఉత్తరం ఇంకొకరికి తోసే సదుపాయం, అదే ఫార్వర్డ్, దాంట్లో లేనే లేదు. నా లెక్కలో మనుషులకి ఇంత మేలు చేసిన మెయిలు మరొకటి లేదు.

ఇంకొకటుంది. పంపే ప్రతి ఉత్తరం అడుగునా ఇది ఫలానా పాత మోడల్ మీద టైపు అయిందని తనే ఒక లైను చేరుస్తుంది. నన్ను పట్టుకున్నది ఆ లైనే. బావగారికి ఫోన్ చేస్తే ఎత్తరు, మెసేజ్ పెట్టే వీల్లేదు. కానీ పంట బీమా సంగతులు వస్తాయని రోజూ పొద్దున్నే మెయిల్ మాత్రం చూస్తారని అక్క చెప్పింది. అడుగున ఆ మోడల్ పేరు చూస్తే ఆయన చదవకుండా ఉండలేరు. సగం మెషిన్ ఆయనది మరి.

"ఏం రాస్తారు?" అంది మా ఆవిడ.

"తప్పు నాదని రాస్తాను."

"దానికి మూడు ముక్కలు చాలు కదండీ."

"బావగారికి మూడు ముక్కలు రాస్తే మర్యాదగా ఉంటుందా?"

మా ఆవిడ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసింది. లేఖారచనలో సంబోధన తప్పితే మార్కు కోసేసిన చెయ్యి ఆమెది. మర్యాద అనేసరికి మెత్తబడింది. ఇద్దరం కూర్చున్నాం. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన ఆ తెలుగుని ఇక్కడ మీ కళ్ళ క్షేమం కోరి తెలుగులోనే ఇస్తున్నాను. "మహారాజశ్రీ బావగారి దివ్యసముఖమునకు మీ బావమరిది నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అన్నాం. తర్వాత అక్క మోకాలు, బావగారి బీపీ, ఆయన తమ్ముడి కుటుంబం, బోరులో నీళ్ళు, తోటలో పూత వరసగా అడిగాం. గేదెని అడిగాం. గేదెనడిగి దూడని అడక్కపోతే బాగుండదని దూడనీ అడిగాం. అప్పుడు గొంతు సర్దుకుని అసలు విషయంలోకి దిగాను. ఆ రోజు జరిగినదానిలో తప్పు పూర్తిగా నాదేనని, ఇంటికొచ్చి పిలవకపోవడం నా బద్ధకమేనని, నవ్వడం అంతకంటే పెద్ద తప్పని, చాలా బాగా రాశాను. రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. పంపే మీట నొక్కాను. కాసేపు గిలగిల్లాడి, పంపబడినది అంది మెషిన్.

రెండో రోజు కుక్కర్ కూసింది. పొయ్యి మీద కుక్కర్ లేదు. పరుగెత్తుకెళ్ళి చూస్తే బావగారి జవాబు. మూడు లైన్లు. మూడు లైన్లనిండా ప్రశ్నార్థకాలే.

"ఇన్ని ప్రశ్నలా?" అన్నాను హడలిపోయి.

"ఆయన తెలుగులో రాసుంటారండీ. మీ ఫీచరు కదా అది" అంది మా ఆవిడ.

ఫోన్‌లో వెతికితే అక్కడ ఉత్తరం లేదు. అది ఇంకో ఫీచరు. అక్కకి ఫోన్ చేశాను. అక్క పెరట్లోకెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఏం రాశావోగానీరా, రెండు రోజుల్నించీ అన్నం దగ్గర కూడా ఆ ఫోనే చూస్తున్నారు. నాకు చూపించరు."

"కోపంగా ఉన్నారా?"

"ఏమో. 'మొత్తం చెప్పడానికి నోరు రాలేదా మీ తమ్ముడికి' అన్నారు నిన్న. అంతే."

మొత్తం అన్న మాట నన్ను కుదిపేసింది. అంటే మర్యాద చాల్లేదన్నమాట. తమ్ముణ్ణి అడిగాను గానీ తమ్ముడి పిల్లల్ని విడివిడిగా అడగలేదు. తోటనడిగాను గానీ తోట కాపలాదారుని అడగలేదు. రెండో ఉత్తరంలో ఆ లోట్లన్నీ పూడ్చాం. మా ఆవిడ సంబోధనకి ఇంకో రెండు సమాసాలు జోడించింది. క్షమాపణ కూడా మొదటిదానికంటే పెంచాను. పంపాను.

మర్నాడే జవాబు. బావగారు తెలివైనవారు, ఈసారి ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే రాశారు. రెండే ముక్కలు. "దూడ క్షేమం. తర్వాత?"

కుర్చీలో కూలబడ్డాను. అంత ఏడ్చి రాస్తే, తర్వాత అంటారా? అయితే ఏంటి అని కదా దానర్థం! రెండేళ్ళ కోపం ఇంకా అలాగే ఉందన్నమాట. ఇక బావగారు నాతో మాట్లాడరు. ఈ మెషిన్ ఇలా ఒంటరిగా కుయ్యిమంటూ ఉంటుంది, నేనూ ఇలా ఒంటరిగా దాని ముందు కూర్చుంటాను అనిపించింది.

మా ఆవిడ మాత్రం స్క్రీను వంక టీచరు చూపు చూసింది. సమాధానపత్రంలో పేజీ తగ్గినప్పుడు చూసే చూపు అది.

"ఆయన దూడకి జవాబిచ్చారు. దూడ తర్వాత మనం రాసిందానికి ఇవ్వలేదు. అసలది చేరిందా ఆయనకి?"

"చేరకేం? పంపబడినది అంది కదా!"

"ఏదీ, అదే ఉత్తరం నా ఫోన్‌కి పంపండి."

మళ్ళీ అంతా కొట్టి పంపాను. ఆమె ఫోన్ టింగుమంది. చదవడం మొదలెట్టింది. మహారాజశ్రీ, దివ్యసముఖము, క్షేమం, మోకాలు, బీపీ, బోరు, పూత, కాపలాదారు, గేదె. దూడ. ఆ కింద మోడల్ పేరు. అంతే!

అప్పుడు మాన్యువల్ తీశాను. ఒకటిన్నర పేజీ దగ్గర నేను ఎక్కడ ఆపానో దానికి రెండు లైన్ల కింద ఉంది. స్క్రీనుకి ఇరవై నాలుగు లైన్లు, లైనుకి నలభై అక్షరాలు. అంతకు మించినది పోవును. పోయిందని మెషిన్ చెప్పదు. ఇది కూడా ఫీచరేనని రాశాడు మహానుభావుడు, వాడేవాళ్ళకి క్లుప్తత అలవాటవుతుందట. ఆయన దేశంలో ఉత్తరం అసలు విషయంతో మొదలవుతుంది కాబోలు. మర్యాదకే ఇరవై నాలుగు లైన్లు పట్టే జనం భూమ్మీద ఉంటారని పాపం ఆయన ఊహించలేదు.

మొదటి ఉత్తరం ఎక్కడ తెగిందో వేళ్ళ మీద లెక్కపెట్టాను. అది సరిగ్గా ఇలా ముగిసింది: "ఇక అసలు విషయానికి వస్తే, ఆ రోజు జరిగినదానిలో తప్పు".

తప్పు. అక్కడితో ఆగింది. ఎవరిదో లేదు. ఇన్ని రోజులూ బావగారు ఆ మాట పక్కనే కూర్చుని ఉన్నారు.

"ఇప్పుడే ఒక్క లైను పంపేస్తాను. తప్పు నాది అని" అంటూ కీబోర్డు ముందుకి దూకాను.

మా ఆవిడ టీవీ స్విచ్ ఆపేసింది. "ఆయన అలిగిందే మెషిన్‌తో పిలిచినందుకు. దానికి మెషిన్‌తో క్షమాపణా? లేచి చొక్కా వేసుకోండి."

కుంకుమ భరిణె సంచిలో పెట్టుకుంది. బస్టాండుకెళ్ళి మైలవరం బస్సెక్కాం. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, కొండపల్లి దాటుతుంటే నేను చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నాను. ఇన్నాళ్ళూ మెయిలవరంగా చూసిన ఊరికి మనిషిగా వెళ్ళడం రెండేళ్ళలో అదే మొదలు.

బావగారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. మమ్మల్ని చూసి పేపరు ఇంకాస్త పైకెత్తారు. లోపలికి వినబడేలా అక్కతో అన్నారు:

"ఎవరో వచ్చినట్టున్నారు, చూడు."

అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరో ఏంటండీ, మా తమ్ముడూ మరదలూ! రారా, రామ్మా."

"ఏ గ్రూపులో వేసి వచ్చారో కనుక్కో. గ్యాస్ బండాయన కూడా వెనకాల వస్తున్నాడేమో చూడు."

అక్క నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను. ఆయన మాట అక్కకి, అక్క నుంచి నాకు. నా మాట అక్కకి, అక్క నుంచి ఆయనకి. అక్క మా ఇద్దరికీ సర్వర్ అయి కూర్చుంది.

కరెంటు బిల్లులు గుచ్చే ఇనపతీగ ఒకటి గోడకి వేలాడుతోంది. బావగారు లేచి, దాని మీంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీశారు. నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించినట్టున్నారు. మడతల దగ్గర నలిగిపోయింది. దాన్ని అక్క చేతిలో పెట్టి, చివరి లైను మీద వేలు ఆనించారు.

"ఇది పూర్తి చెయ్యమని చెప్పు మీ తమ్ముడికి."

బస్సులో కూడబలుక్కున్నదంతా మాయమైంది. నోరు తెరిస్తే అలవాటైనదే వచ్చింది.

"బావగారూ, ముందుగా తమ ఆరోగ్యం... తోటలో పూత ఈసారి... మీ తమ్ముడుగారి పిల్లలు..."

"మళ్ళీ మొదలెట్టాడమ్మా!" బావగారు పేపరు విసిరి కొట్టారు. "ఏమోయ్! దూడ క్షేమం అని చెప్పాను కదా! తప్పెవరిదో చెప్పి ఏడువు ముందు!"

ఆ మాట సర్వర్‌కి వెళ్ళలేదు. రెండేళ్ళ తర్వాత నేరుగా నాకే వచ్చి తగిలింది. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"నాదండీ" అన్నాను.

బావగారు కాగితం అక్క దగ్గర్నుంచి తీసుకుని మళ్ళీ ఒకసారి చూశారు.

"ఇంతేనా?"

"ఇంతేనండీ. ఇంటికొచ్చి పిలవకపోవడం తప్పు. నవ్వడం కూడా."

"నవ్వడమే పెద్దది" అన్నారు. కాస్త ఆగి, "తప్పు మీది అని రాసుంటావని నేననుకున్నాను. రోజూ బీపీ మాత్ర వేసుకుని మరీ చదివాను."

"అలా రాసుంటే ఏం చేసేవారండీ?"

"ముందు తిట్టేవాణ్ణి." మళ్ళీ తీగ దగ్గరికెళ్ళి కాగితం గుచ్చారు. మా వైపు తిరక్కుండానే అన్నారు: "పాలు పొంగించేటప్పుడు ఆడపడుచుని ఆపేయడం మాత్రం నేను చేసిన పనే కదా. అది ఎవరూ రాయక్కర్లేదు, నాకు తెలుసు."

మా ఆవిడ అక్కకి బొట్టు పెట్టింది. బావగారి వైపు తిరిగి చేతులు జోడించి, "అన్నయ్యగారూ, ఆదివారం మీరూ వదినగారూ మా ఇంటికి భోజనానికి రావాలి" అంది.

"ఏం ఫంక్షనమ్మా?"

"ఫంక్షనేమీ లేదండీ. పప్పు సరిగ్గా ఉడికించి పెడదామని."

ఆదివారం వచ్చారు. భోజనమయ్యాక బావగారు ఆకూవక్కా నములుతూ తిన్నగా మెషిన్ దగ్గరికి నడిచారు, సగం వాటాదారు హోదాలో. నన్నొక ముక్క అడక్కుండా మాన్యువల్ తీసుకుని మొదటి పేజీ నుంచి పైకి చదవసాగారు, పాతరోజుల్లో ప్రోగ్రాములు చదివినట్టే. మూడో పేజీలో ఆగారు.

"ఇరవై నాలుగు లైన్లు నిండగానే కుడివైపు చివరి మీట నొక్కితే రెండో పేజీ వస్తుందిటోయ్. ఎన్ని పేజీలైనా రాసుకోవచ్చట. చదవలేదా?"

ముప్ఫై ఏళ్ళ నా ఉద్యోగం కళ్ళముందు కదిలింది.

"బావగారూ, మొత్తం ఉత్తరం మీకు మొదటిరోజే చేరుంటే వచ్చేవారా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "ఎందుకొస్తాను? చదివి, సరేలే వెధవ అనుకుని ఊరుకునేవాణ్ణి. నువ్వు మాత్రం వచ్చేవాడివా?"

వచ్చేవాణ్ణి కాదు. ఇద్దరికీ తెలుసు.

వంటింట్లోంచి అన్నీ వింటున్న మా ఆవిడ కాఫీ గ్లాసులతో వచ్చింది. గ్లాసులు కింద పెట్టి, అద్దానికి అంటించి ఉన్న స్టిక్కర్ బొట్టుల్లోంచి ఎర్రది ఒకటి తీసింది. కుడివైపు చివరి మీట మీద దాన్ని నొక్కి అంటించింది.

"ఇది ఎవరూ నొక్కొద్దు" అంది.

బావగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "చదవనా? కొడతావా?" అన్నారు.